ఉరుకుందప్ప కరెంటు ఎద్దు

మా కారెగల్లులో రోజూ తప్పకుండా స్నానం చేసేవాళ్ళు ఇద్దరే. ఒకరు గుళ్ళో ఆంజనేయస్వామి. ఆయనకు పూజారి చేయిస్తాడు. రెండోది ఉరుకుందప్ప మోటారు సైకిలు. మిగిలిన మేమంతా కొళాయి వంతును బట్టి, ట్యాంకులో నీళ్ళను బట్టి, అవి వదిలే మనిషి మనసును బట్టి చేస్తాం. మాది ఆలూరు పక్క మెట్టభూముల ఊరు. మా దగ్గర చుట్టమొస్తే మజ్జిగైనా ఇస్తారు గానీ కాళ్ళు కడుక్కోవడానికి చెంబెడు నీళ్ళివ్వడానికి ఆలోచిస్తారు. అలాంటి చోట ఒక బండికి పొద్దున్నే రెండు బిందెల స్నానం. ఆ బిందెలు మోసుకొచ్చేది ఉరుకుందప్ప కాదు, అతని భార్య భీమక్క. స్నానం చేయించే పుణ్యం మాత్రం ఉరుకుందప్పదే.

అది పెట్రోలు బండి కాదు, కరెంటుది. రోడ్డు మీద పోయేది కూడా కాదు, గుట్టలూ గుంతలూ ఎక్కడానికి చేసిన డర్ట్ బైకు. మా గుట్ట మీద గాలిమరలు పెట్టిన కంపెనీ వాళ్ళు కాపలాకని తెచ్చారు. ఉరుకుందప్ప ఆ కాపలా ఉద్యోగం చేశాడు. తర్వాత కంపెనీ వాళ్ళు మనిషిని తీసేసి కెమెరాలు పెట్టుకున్నారు. గుట్ట మీదికి దారి అతని చేనులోంచే వేశారు గనుక, పోతూ పోతూ దానికి బదులు ఏం కావాలో కోరుకోమన్నారు. అంతకు ముందు ఏడే కరువుకు మేత లేక ఎద్దుల జత అమ్ముకున్న మనిషి. ఇంకొకడైతే ఎద్దుల్ని కోరుకునేవాడు. ఇతను బండిని కోరుకున్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు.

దానికి నెంబరు ప్లేటు లేదు. రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు కాబట్టి అది ఆదోని చూడదు, ఆలూరు చూడదు. వెనక సీటు లేదు. మూట కట్టుకోవడానికి చోటు లేదు. మరి ఎందుకు పనికొస్తుందప్పా అని ఎవరైనా అడిగితే ఉరుకుందప్ప వాళ్ళతో వారం రోజులు మాట్లాడడు.

నా పేరు రామాంజి. వాళ్ళ ఇంటి పక్కనే నా పిండిమర. నాకిష్టం లేకపోయినా ఈ బండి సేవకంతా సాక్షిని నేనే, ఎందుకంటే అది మేత మేసేది నా పిండిమర ప్లగ్గులోనే. వాళ్ళింట్లో కరెంటు సన్నగా వస్తుందట, సన్న కరెంటు తాగితే బండి చిక్కిపోతుందట. జొన్నలు ఆడించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంటారు, బండి మాత్రం తీరిగ్గా మేస్తూ ఉంటుంది. కోపమొచ్చి ఒకరోజు ప్లగ్గు పీకేశాను. సాయంత్రం ఉరుకుందప్ప వచ్చి, మేస్తున్న జీవాన్ని మధ్యలో లేపితే పాపం తగులుతుందని నాకే బుద్ధి చెప్పి పోయాడు.

అతని బాధ ఏమిటంటే, పుట్టినప్పటి నుంచీ చేతులకు ఎద్దుల పని తప్ప వేరే పని తెలియదు. బండి ఎలా చూసుకోవాలో చెప్పింది సుదర్శన్. ఆదోనిలో బండ్ల షాపు ఉన్న కోమట్ల పిల్లాడు, కంపెనీ ఉన్న రోజుల్లో సర్వీసుకు వచ్చేవాడు. మర్యాదస్తుడు, ఎంత వెర్రి ప్రశ్న అడిగినా నవ్వడు. బ్యాటరీ స్విచ్చి ఆపి తడిగుడ్డతో తుడవమన్నాడు, మోటారు మీదికీ వైర్ల జాయింట్ల మీదికీ నీళ్ళు కొట్టొద్దన్నాడు. ఉరుకుందప్ప అంతా విని తల ఊపి, మర్నాడే గడ్డిచుట్ట పట్టుకుని, ఎద్దు వీపు రుద్దినట్టు చక్రాల నుంచి హ్యాండిలు దాకా రుద్ది రెండు బిందెలూ కుమ్మరించాడు. బండి ఒక పూటంతా అలిగి కూర్చుంది. అతను దానికి జలుబు చేసిందని ఎండలో నిలబెట్టాడు. ఎండలో నిలబెట్టొద్దని కూడా సుదర్శన్ చెప్పాడు, అది వేరే సంగతి.

చైను సంగతి ఇంకా బాగుంటుంది. మాది దుమ్ము నేల కాబట్టి చైనును ముందు పొడిగా తుడిచి, దానికని అమ్మే నూనె సన్నగా పూసి, మిగిలింది గుడ్డతో తీసేయాలని సుదర్శన్ చెప్పాడు. ఉరుకుందప్పకు సన్నగా అనే మాట నచ్చలేదు. పెట్టే చెయ్యి సన్నగా పెడితే జీవానికి బలమెలా వస్తుంది? ఎండాకాలంలో ఎద్దులకు గొట్టంతో పట్టించే బుడ్డల నూనె, అదే వేరుశెనగ నూనె, గానుగ నుంచి తెచ్చి, చైనుకు దోసిలితో పోశాడు. నూనెకు దుమ్ము పట్టింది, దుమ్ముకు నూనె పట్టింది, రెండూ కలిసి చైను తిరిగే చక్రం పండ్లను సానరాయిలా అరగదీయడం మొదలుపెట్టాయి. బండి వెళ్తుంటే కమ్మటి తాలింపు వాసన వచ్చేది. ఊరి కుక్కలు దాని వెంట పడేవి.

ఒక్క విషయంలో మాత్రం అతను తప్పు చేయలేదు. తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టకూడదు, బ్యాటరీ చల్లబడనివ్వాలి, అలాగని పూర్తిగా ఖాళీ కానివ్వకూడదు అని చెబితే వెంటనే అర్థం చేసుకున్నాడు. రొప్పుతున్న ఎద్దుకు ఎవరైనా కుడితి పెడతారా? ఆ ఒక్క చోట ఎద్దూ బ్యాటరీ ఒకే జాతి. ఆ ఒక్కటి కుదిరేసరికి మిగతా అంతా కూడా తనకే తెలుసని నమ్మాడు. అప్పటి నుంచి సోమవారం బండి బయటికి తీయడం మానేశాడు. మా పక్క సోమవారం బసవన్న రోజు, ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. బండికీ సోమవారం సెలవు. భీమక్కకు మాత్రం ఏ వారమూ లేదు.

పొద్దున్నే టైర్లలో గాలి బొటనవేలితో నొక్కి చూసేవాడు. చక్రం పుల్లలు ఒక్కొక్కటీ మీటి వినేవాడు. నట్లు బిగించేవాడు, బ్రేకులు పట్టి చూసేవాడు. ముందు చక్రం పైనుండే మెరుపు గొట్టాలకు మన్ను అంటితే తన పైపంచతో తుడిచేవాడు. వానాకాలం వస్తోందని, వంటింటి మీది మంచి రేకు పీకి బండి కొట్టం మీద వేశాడు. వంటింటికి చిల్లు రేకు మిగిలింది. పోనీలే, మా ఊళ్ళో వానలెక్కడివి అని సర్దిచెప్పాడట. వానలు లేకపోతే కొట్టానికి రేకెందుకని భీమక్క అడిగింది. ఉరుకుందప్ప పైపంచ తీసుకుని బండి తుడవడానికి పోయాడు.

పొద్దున చేనికి పోయేటప్పుడు చూడాలి ఆ ఊరేగింపు. అతను బండి మీద, ఆమె సద్దిమూట నెత్తిన పెట్టుకుని పక్కన నడుస్తూ. ఒంటి సీటు బండి, అతను మాత్రం ఏం చేస్తాడు? ఆమె నడకతో సమానంగా నెమ్మదిగా నడిపేవాడు, అదే గొప్ప ప్రేమ అనుకునేవాడు. కరెంటు బండి చప్పుడు చేయదు కాబట్టి దారి పొడవునా ఆమె అనే ప్రతి మాటా అతనికి వినబడేది. పెట్రోలు బండైతే ఆ బాధ తప్పేది. ఒకరోజు నా పిండిమర ముందర ఆగి ఆమె అన్న మాట నేనూ విన్నాను.

"నా మోకాళ్ళు కిర్రుమంటాండాయి. వాటికి పూసే నూనె యాడన్నా దొరుకుతుందేమో ఆ ఆదోనాయన్ను అడుగు."

అది చైనుకు పూసేదనీ, మనుషులకు పడదనీ ఉరుకుందప్ప చాలా శ్రద్ధగా వివరించాడు.

ఇదంతా నవ్వుకునే విషయమే. ఏరువాక పున్నమి దగ్గరపడేసరికి మాత్రం నవ్వు తగ్గింది. ఆ రోజు సాయంత్రం మా ఊరి వాకిలి, గవిని దగ్గర గోగునారతో పేనిన తాడు అడ్డంగా కడతారు, దానికి వేపాకు తోరణం. ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఒక్కో ఇంటి నుంచీ తోలుకొస్తారు. తోరణాన్ని ముందుగా తెంపే హక్కు ఉరుకుందప్ప ఇంటిది. వాళ్ళ తాత కాలం నుంచీ అంతే. ముందు ఎవరి జీవం తెంపితే ఆ ఏటి మొదటి విత్తు వాళ్ళదే. ఏ ఏడు ఆ ఇంటి నుంచి జీవం రాదో ఆ ఏడు హక్కు పక్కింటికి పోతుంది, పోయిందంటే మళ్ళీ రాదు. పోయిన ఏడు ఎద్దులు లేవని ఉరుకుందప్ప దండం పెట్టి ఒక్క ఏడు గడువు అడిగాడు. ఈ ఏడు ఇక గడువు లేదు. పక్కింటి పెద్ద ఈరన్న పోయిన సేద్యానికే ఆదోని సంతలో పాలనురుగు లాంటి ఎద్దుల జత కొనుక్కొచ్చి, మీసం దువ్వుకుంటూ తిరుగుతున్నాడు.

ఉరుకుందప్పను నేను ఎంత ఎగతాళి చేసినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మనిషికి పొలం సగం దారికింద పోయింది, ఉద్యోగం కెమెరాలు తిన్నాయి, ఎద్దుల్ని కరువు తిన్నది. తండ్రి నుంచి వచ్చినవాటిలో మిగిలింది ఆ ఒక్క సాయంత్రమే. ఆ పూట ఊరంతా అతన్ని పూర్తి పేరుతో పిలుస్తుంది. అది కూడా ఈరన్న చేతికి పోతే అతను ఊళ్ళో ఉన్నట్టా లేనట్టా?

అందుకే తన బండినే తోరణం కిందికి తెస్తానని దాసన్నకు చెప్పాడు. తోరణం కట్టే పెద్దమనిషి దాసన్న, ఆ కట్టుబాటు ఆయన చేతిలో ఉంటుంది. ఈరన్న విరగబడి నవ్వాడు. దాసన్న నవ్వలేదు, కాదనలేదు. ఎద్దులైనా బండైనా కట్టుబాటు ఒకటేనన్నాడు. ఆ కట్టుబాటు ఊరందరికీ తెలుసు. సంతలో అద్దెకు తెచ్చిన సొగసు ఎద్దులు పనికిరావు. తోరణం తాడు పట్టుకుని, గడిచిన సేద్యంలో నీ చేన్లో పని చేసింది ఎవరని దాసన్న అడుగుతాడు, ఇంటాయన పేరు చెప్పాలి. ఆ తాడు పట్టుకుని అబద్ధమాడితే మా ఊరి వాన పక్క ఊరికి పోతుందని నమ్మకం. మా వానలన్నీ ఎప్పుడూ పక్క ఊరికే పోతుంటాయి గానీ, అబద్ధమాడినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

అయితే బండితో పని చేయిస్తే సరి అనుకున్నాడు ఉరుకుందప్ప. దానికి నందీశ అని పేరు పెట్టాడు. పున్నమికి వారం ముందర సాళ్ళలో కలుపు తీసే గుంటకను మోకుతో బండి వెనక కట్టి, మేడి పట్టుకోమని నన్ను పిలిచాడు. పిండిమర ఆపుకుని పోయాను, ఇలాంటి వినోదం మళ్ళీ దొరకదు కదా. నందీశ ఒక్క అడుగు ముందుకు దూకింది. గుంటక నేలలో దిగబడింది. వెనక చక్రం అక్కడే గిరగిరా తిరిగి తనకు తానే గుంత తవ్వుకుంది. కాసేపటికి మోటారు వేడెక్కి దానంతట అదే ఆగిపోయింది. అతను దానికి నీడ పట్టి, విసనకర్రతో విసిరి, చల్లబడ్డాక మళ్ళీ ఎక్కాడు. ఈసారి బుడ్డల నూనె తాగి అరిగిపోయిన చైను పటుక్కున తెగి నా కాలి పక్కన పడింది. నాకు నవ్వాగలేదు. అతను చేనిలో కూర్చుని, తెగిన చైనును ఒళ్ళో పెట్టుకున్నాడు.

సుదర్శన్ ఆదోని నుంచి వచ్చి కొత్త చైను వేశాడు. చక్రం పండ్లు ముసలమ్మ నోరులా అయిపోయాయని చూపించి అవీ మార్చాడు. ఇది ఎగిరి దూకడానికి చేసిన బండి అన్నా, బరువు లాగడానికి కాదు అని మర్యాదగా చెప్పి, బుడ్డల నూనె కూరల్లో వాడుకోమని ఇంకా మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు. అంటే నందీశ చేనిలో ఒక్క సాలు కూడా గీయలేదు. మరి దాసన్నకు ఏం చెప్తావని అడిగాను.

"చేన్లోకి పొయ్యొచ్చింది గదప్పా. పోవడం గూడా పనే" అన్నాడు.

ఆ లెక్కన ఊళ్ళో అందరి చేన్లూ నేనే సేద్యం చేశాను.

పున్నమి రోజు పొద్దున నుంచీ సింగారం మొదలైంది. నా ప్లగ్గు దగ్గర కడుపు నిండా మేత. తర్వాత స్నానం. ఎద్దుల మీద కప్పే అద్దాల జూలు పెట్టెలోంచి తీసి సీటు మీద పరిచాడు. హ్యాండిలు రెండు కొసలకూ కొమ్ములకు పూసే ఎర్రరంగు పూశాడు. ముందు చక్రానికి గజ్జెలు, దీపానికి పూలదండ. భీమక్క చేసిన భక్ష్యాల్లో మొదటిది బండి ముందు పెట్టి దండం పెట్టుకున్నాడు. తినేవాళ్ళు లేరు గనుక తర్వాత తనే తిన్నాడు.

గవిని దగ్గర ఊరంతా చేరింది. ఒకపక్క మగవాళ్ళు, ఒకపక్క హారతి పళ్ళేలతో ఆడవాళ్ళు. మా దగ్గర తెల్ల ఎద్దు తెంపితే పత్తి, జొన్న పండుతాయంటారు, ఎర్ర ఎద్దు తెంపితే బుడ్డలు. నందీశది పచ్చరంగు. అది తెంపితే పచ్చగడ్డి బాగా పెరుగుతుందనీ, మేసే ఎద్దులుండవనీ ఎవరో అన్నారు. డప్పుల మధ్య చప్పుడే లేని బండి గజ్జెలు గలగలలాడించుకుంటూ వచ్చి తోరణం ముందు ఆగింది. వెనక ఈరన్న ఎద్దులు బుసకొడుతూ నిలబడ్డాయి. డప్పులు ఆగాయి.

దాసన్న తాడు కొస ఉరుకుందప్ప చేతికిచ్చాడు.

"ఉరుకుందప్పా, పోయిన సేద్యంలో నీ చేన్లో పని చేసినేది ఎవరప్పా?"

ఉరుకుందప్ప గొంతు సవరించుకున్నాడు. నం అన్నంత వరకూ పెదాలు కదిలాయి. పడమటి దిక్కున గాలిమరల వెనక ఒక నల్లమబ్బు లేచి ఉంది. ఆ ఏడాదికి అదే మొదటిది. అతను మబ్బు వంక చూశాడు, చేతిలో తాడు వంక చూశాడు. ఈరన్న మీసం చాటున నవ్వుతున్నాడు. ఉరుకుందప్ప తల దించుకుని, ఎవరికీ వినబడకూడదన్నట్టు చెప్పాడు.

"భీమక్క."

అందరికీ వినబడింది. వినబడటమేమిటి, అందరికీ తెలుసు. చేను ట్రాక్టరుతో దున్నించుకోవచ్చు గానీ, మొలిచిన పత్తి సాళ్ళ మధ్య ట్రాక్టరు పోదు, గుంటక తోలడానికి ఎద్దులు కావాలి. ఎద్దులు లేవు. మోకు భుజాన వేసుకుని, ముందుకు వంగి, సాలు సాలుకూ గుంటక లాగింది భీమక్క. వెనక మేడి అదిమి పట్టుకుని అతను నడిచాడు. బండి గట్టు మీద నీడలో ఉంది. దారిన పోయేవాళ్ళమంతా చూశాం. చూసి, అయ్యో అనుకుని, ఎవరి పనికి వాళ్ళం పోయాం. 

"అట్లయితే ముందు పోవాల్సింది భీమక్కే" అన్నాడు దాసన్న.

ఆడమనిషి తోరణం తెంపడమేమిటని ఈరన్న అడ్డం వచ్చాడు. దాసన్న అతని వైపు తిరిగాడు.

"మోకు భుజాన ఏసుకున్నప్పుడు ఆడమనిషని ఎవరన్నా అడ్డమొచ్చినారా ఈరన్నా?"

అప్పుడు అందరం భీమక్క వైపు చూశాం. ఆమె సిగ్గుపడలేదు, ఏడవలేదు. హారతి పళ్ళెం కింద పెట్టి, జూలు కప్పుకుని దండలేసుకున్న బండిని చక్రం నుంచి దీపం దాకా ఒకసారి చూసింది.

"పోతా దాసన్నా. తోరణం కిందికి వచ్చే జీవాన్ని కడిగి, కాళ్ళు పట్టి, నూనె రాసి, కడుపునిండా పెట్టి తోలుకొస్తారు గదా. నన్నూ అట్ల తోలుకొస్తే పోతా. అంతవరకు తాడు అట్లనే ఉండనీండి."

ఇంత మాట అని, కుంటుకుంటూ ఇంటి దారి పట్టింది.

తాడు తెగనిది ఏరువాక కాదు. ఏరువాక కానిది ఎవరూ విత్తు వేయరు. ఊరంతా, ఈరన్న ఎద్దులతో సహా, అక్కడే నిలబడిపోయింది.  ఉరుకుందప్ప బండిని నా చేతికి తోసి ఆమె వెనక పరుగెత్తాడు. అతను బిందె పట్టుకుని కొళాయి దగ్గర నిలబడ్డాడని ఒకరు వచ్చి చెప్పారు. పొయ్యి వెలిగించి నీళ్ళు కాస్తున్నాడని ఇంకొకరు. అరుగు మీద ఆమెను కూర్చోబెట్టి మోకాళ్ళకు ఆముదం పట్టిస్తున్నాడని, ఎలా పట్టించాలో తెలియక ఆమెను అడుగుతున్నాడని మరొకరు. ఈ వార్తలు వింటూ గవిని దగ్గర ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. 

పొద్దు గుంకే ముందు ఇద్దరూ వచ్చారు. ఆమె తల తడిగా ఉంది, భక్ష్యం తిన్న చెయ్యి ఇంకా నెయ్యితో మెరుస్తోంది. అతను ఒకడుగు వెనక నడుస్తున్నాడు. ఆమె పరుగెత్తలేదు, తన నడకతోనే తోరణం కిందికి వచ్చి, చెయ్యి పైకెత్తి తాడు పట్టి ఒక్క లాగు లాగింది. తెగింది. ఏ పంట పండుతుందో దాసన్నను ఎవరూ అడగలేదు.

తర్వాతి ఇల్లు పెద్ద ఈరన్నది. తెగిన తాడు ముక్క అతని చేతిలో పెట్టి దాసన్న అదే ప్రశ్న అడిగాడు. ఈరన్నకు ఏం కష్టం? పాలనురుగు లాంటి ఎద్దులు పక్కనే ఉన్నాయి, వాటి పేర్లు చెబితే సరిపోతుంది. కానీ ఆడవాళ్ళ గుంపులోంచి అతని భార్య మహాదేవి ఒకడుగు ముందుకు వచ్చి, చేతులు కట్టుకుని అతని నోటి వంకే చూస్తూ నిలబడింది. ఈరన్న నోరు తెరిచాడు, మూసుకున్నాడు. అతని వెనక వరుసలో ఉన్న మగవాళ్ళందరం నేల చూశాం.